చుక్కల బొమ్మల భూరీబాయి

మనం వాకిట్లో ముగ్గు వేస్తాం. ముందు చుక్కలు పెడతాం. తరవాత గీతలు కలుపుతాం. ఏ పుస్తకమూ చూడం. చెయ్యి దానంతటదే పోతుంది. ఎవరు నేర్పారు? అమ్మ వేస్తుంటే చూసి నేర్చుకున్నాం.

ఇలాగే చూసి నేర్చుకున్న ఒకామె దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆమె భూరీబాయి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా జిల్లా ఆమెది. ఊరు పిటోల్. ఆమె భీల్ గిరిజనురాలు.

భీల్ ఆడవాళ్లు పండగలొస్తే ఇల్లు అలుకుతారు. గోడల మీద బొమ్మలు వేస్తారు. భూరీబాయి చిన్నప్పుడే ఆ పని నేర్చుకున్నారు. రంగులు కొనేవారు కాదు. ఎర్రమట్టితో ఎరుపు. పసుపుతో పసుపు రంగు. పెనం మసితో నలుపు. చిక్కుడాకుతో ఆకుపచ్చ. వేపపుల్లకు గుడ్డపేలిక చుడితే అదే కుంచె.

పెళ్లయ్యాక ఆమె భోపాల్ పట్నానికి కూలికి వచ్చారు. అక్కడ భారత్ భవన్ అనే పెద్ద కళాభవనం కడుతున్నారు. అది 1982లో మొదలైంది. ఆ కట్టుబడి పనిలో భూరీబాయి కూలి చేశారు.

జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు ఆ భవనంలో పెద్ద. ఒకరోజు ఆయన కూలివాళ్ల దగ్గరికి వచ్చారు. మీ ఇళ్లలో వేసే బొమ్మలు ఇక్కడ వేసి చూపిస్తారా అని అడిగారు. భూరీబాయికి హిందీ సరిగా రాదు. పైగా భయం. బొమ్మలేస్తా కూర్చుంటే మరి కూలి ఎవరిస్తారు? ఆ మాటే ఆమె అడిగారు. బొమ్మలకే కూలి ఇస్తామన్నారు. కాగితం, రంగులు చేతికిచ్చారు. మట్టి నూరే పని లేదు. ఆమె బొమ్మ మొదలుపెట్టారు.

ఆమె బొమ్మ ఎలా వేస్తారు? ముందు ఊరు గుర్తు చేసుకుంటారు. అడవి, గుడిసె, నెమలి, ఆటపాటలు మనసులో మెదులుతాయి. ఆ గుర్తులే ఆమెకు నమూనా. మొదట మనిషి ఆకారమో, చెట్టు ఆకారమో గీస్తారు. లోపల రంగు నింపుతారు. దాని మీద వరసగా చుక్కలు పెడతారు. అవి మొక్కజొన్న గింజల్లా కనిపిస్తాయి. మనం చుక్కతో మొదలుపెడతాం. ఆమె చుక్కతో ముగిస్తారు.

దూరాన ఉన్నది చిన్నగా ఉండాలన్న లెక్క ఆ బొమ్మల్లో లేదు. నెమలి చెట్టంత ఉండొచ్చు. పట్నంలో చూసిన బస్సు, విమానం కూడా ఆమె బొమ్మల్లోకి వచ్చాయి. చూసిందల్లా మనసులో దాగి, చేతిలోంచి బయటికొస్తుంది.

తరవాత ఆమెకు భోపాల్‌లోనే బొమ్మలు వేసే ఉద్యోగం దొరికింది. అక్కడి గిరిజన మ్యూజియం గోడ మీద ఆమె తన బతుకు కథనే బొమ్మలుగా వేశారు. 2021లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

తట్ట మోస్తేనే పని, బొమ్మ వేస్తే పని కాదు అని భూరీబాయి ఒకప్పుడు అనుకున్నారు. మనమూ అంతే కదా? ముగ్గు వేస్తాం, బొంత కుడతాం, బుట్ట అల్లుతాం. అవేమంత పనులు అనుకుంటాం.

మీ చేతికొచ్చిన పని ఏది? అది మీకు ఎవరి దగ్గర నుంచి వచ్చింది? అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఈసారి ముగ్గు వేశాక పక్కనే మీ పేరు రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!