మెల్లగా నచ్చే ఆల్బమ్: బర్డ్స్ వాళ్ళ 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' కథ

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క పాత ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో'. బ్యాండ్ పేరు ద బర్డ్స్. 1968 ఆగస్టు 30న అమెరికాలో రిలీజ్ అయింది. మొత్తం 11 పాటలు. అన్నీ కలిపినా అరగంట దాటి రెండు మూడు నిమిషాలే.

మీలో చాలామంది ఈ పేరు విని ఉండకపోవచ్చు. కానీ 'హోటల్ కాలిఫోర్నియా' విన్నారు కదా? గిటార్ కొన్న ప్రతివాడూ ఒకసారైనా ట్రై చేసే పాట. అది పాడిన ఈగల్స్ బ్యాండ్ 1971లో లాస్ ఏంజిలెస్‌లో మొదలైంది. రాక్‌ని, కంట్రీ సంగీతాన్ని కలిపే దారి అప్పటికే వాళ్ళ ముందు ఉంది. ఆ దారి వేసినవాళ్ళలో బర్డ్స్ ముఖ్యులు. వాళ్ళే మొట్టమొదటివాళ్ళు అని నేను అనను, అంతకు ముందు కూడా కొందరు ప్రయత్నించారు. కానీ అంత పేరున్న రాక్ బ్యాండ్ ఒక ఆల్బమ్ మొత్తాన్ని కంట్రీకి ఇచ్చేయడం మాత్రం పెద్ద సాహసమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. వచ్చినప్పుడు అటు రాక్ వాళ్ళకీ, ఇటు కంట్రీ వాళ్ళకీ పెద్దగా ఎక్కని ఈ ఆల్బమ్‌ని, యాభై ఏళ్ళు దాటాక కూడా ఇంతమంది ఎందుకు ఇంత ఇష్టంగా వింటున్నారు?

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చెప్తాను. 1965లో బర్డ్స్ అంటే అమెరికాలో పెద్ద పేరు. బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబురిన్ మ్యాన్' పాటని ఎలక్ట్రిక్ గిటార్లతో పాడి నంబర్ వన్ కొట్టారు. జానపదాన్ని రాక్‌తో కలిపిన ఆ పద్ధతికే ఫోక్ రాక్ అని పేరొచ్చింది. మన రవిశంకర్ సితార్ అన్నా వాళ్ళకి పిచ్చి. ఆ ప్రభావం కూడా వాళ్ళ పాటల్లో కనిపిస్తుంది. అంటే కొత్త సంగీతం ఎక్కడ దొరికినా వదలని మనుషులన్నమాట.

1968 వచ్చేసరికి బ్యాండ్ సగం ఖాళీ. పాతవాళ్ళలో రోజర్ మెగ్విన్, క్రిస్ హిల్‌మన్ ఇద్దరే మిగిలారు. డ్రమ్స్‌కి కెవిన్ కెలీ వచ్చాడు. పియానో వాయించడానికి అని గ్రామ్ పార్సన్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడిని తీసుకున్నారు. మెగ్విన్ ప్లాన్ వేరే. అమెరికా సంగీత చరిత్ర మొత్తాన్ని, పాత పల్లె పాటల నుంచి ఎలక్ట్రానిక్ సౌండ్ దాకా, ఒక డబుల్ ఆల్బమ్‌లో చెప్పాలనుకున్నాడు. పార్సన్స్ వచ్చి, "అదంతా కాదు, పూర్తిగా కంట్రీ చేద్దాం" అనే వైపుకి లాగాడు. హిల్‌మన్ కుర్రతనంలో మాండలిన్ వాయించినవాడు. మాండలిన్ అంటే మనకి పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గుర్తొస్తారు, అక్కడ మాత్రం అది బ్లూగ్రాస్ అనే కొండ ప్రాంతపు సంగీతంలో ప్రాణం లాంటి వాయిద్యం. కాబట్టి హిల్‌మన్ కూడా వెంటనే సరే అన్నాడు.

కంట్రీ పాడటంలో అంత పెద్ద విషయం ఏముంది అని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో చాలా ఉంది. వియత్నాం యుద్ధం నడుస్తోంది. జుట్టు పెంచుకున్న కుర్రకారు ఒకవైపు, వాళ్ళని చూస్తేనే ఒళ్ళు మండే పాతతరం ఇంకోవైపు. రాక్ వినేవాళ్ళ దృష్టిలో కంట్రీ అంటే ఆ పాతతరం పాట. కంట్రీ వినేవాళ్ళ దృష్టిలో రాక్ అంటే చెడిపోయిన పిల్లల గోల. ఈ రెండు వర్గాల మధ్యలోకి వెళ్ళి నిలబడింది బర్డ్స్.

1968 మార్చిలో వాళ్ళు రికార్డింగ్ కోసం నాష్‌విల్ వెళ్ళారు. కంట్రీ సంగీతానికి అదే రాజధాని. అక్కడ రైమన్ ఆడిటోరియంలో 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అనే షో జరిగేది. కంట్రీ గాయకులకి ఆ స్టేజీ గుడి లాంటిది. రికార్డ్ కంపెనీ పలుకుబడితో బర్డ్స్‌కి అక్కడ చాన్స్ దొరికింది. జనం గోల చేశారు, ఎగతాళి చేశారు. దానికి తోడు, ముందుగా అనౌన్స్ చేసిన మర్ల్ హ్యాగర్డ్ పాట పక్కనపెట్టి, పార్సన్స్ తన సొంత పాట 'హికరీ విండ్' పాడాడు, వాళ్ళ అమ్మమ్మకి అంకితం అంటూ. ఓప్రీ వాళ్ళకి అది మర్యాద తప్పిన పనిగా అనిపించింది. వాళ్ళకి కోపం రావడంలో అర్థం ఉంది. కానీ ఆ పాటే తర్వాతి రోజుల్లో పార్సన్స్ పేరు చెప్తే మొదట గుర్తొచ్చే పాట అయింది.

ఆ పాటలో ఏముంది? హికరీ అంటే అక్కడ పెరిగే ఒక గట్టి కలప చెట్టు. చిన్నప్పుడు చెట్టెక్కి ఆడుకున్న ఊరిని, ఎక్కడో దూరపు సిటీలో ఒంటరిగా కూర్చున్న మనిషి తలుచుకోవడమే పాట. అంతే. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నవాళ్ళకైనా, డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళకైనా దీనికి వేరే వివరణ అక్కర్లేదు. పార్సన్స్ గొంతు గొప్ప ట్రైనింగ్ ఉన్న గొంతు కాదు, కొంచెం వణుకుతుంది. ఆ వణుకే నాకు నచ్చుతుంది.

ఇక సౌండ్ సంగతి. ఈ ఆల్బమ్‌లో పాటల వెనక ఏదో ఏడుస్తున్నట్టు, జారుతున్నట్టు వినిపించేది పెడల్ స్టీల్ గిటార్. దాన్ని భుజానికి తగిలించుకోరు. స్టాండ్ మీద అడ్డంగా ఉంటుంది. ఎడమచేత్తో తీగల మీద ఒక స్టీల్ ముక్కని జారుస్తూ, కుడిచేత్తో మీటుతూ, కింద పాదాలతో పెడల్స్ తొక్కుతారు. పెడల్ తొక్కగానే మోగుతున్న తీగ శ్రుతి మారుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకుండా జారుకుంటూ వెళ్తుంది. గమకాలకి అలవాటుపడిన మన చెవికి ఇది తొందరగానే దగ్గరవుతుంది. ఇందులో లాయిడ్ గ్రీన్, జేడీ మేనెస్ అనే ఇద్దరు ఈ వాయిద్యం వాయించారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట వినండి, ఆ తేడా తెలుస్తుంది.

పాటల ఎంపిక చూస్తే ఇంకో విషయం అర్థమవుతుంది. రెండు డిలన్ పాటలు. పేదలకి సాయం చేసే బందిపోటు గురించి వుడీ గత్రీ రాసిన పాట ఒకటి. లూవిన్ బ్రదర్స్ పాడిన భక్తి పాట ఒకటి. విలియం బెల్ అనే నల్లజాతి గాయకుడు 1961లో మెంఫిస్‌లో పాడిన సోల్ పాట ఇంకొకటి. ఆ సోల్ పాటని వీళ్ళు కంట్రీగా పాడితే ఎక్కడా అతుకు కనిపించదు. తెల్లవాళ్ళ సంగీతం, నల్లవాళ్ళ సంగీతం అని షాపుల్లో వేరే అరల్లో పెట్టారు కానీ, లోపల బాధ ఒకటే అని ఆల్బమ్ ఉపన్యాసం ఇవ్వకుండానే చూపిస్తుంది.

ఫ్యాన్స్ ఇప్పటికీ వాదించుకునే సంగతి ఒకటుంది. పార్సన్స్‌కి అంతకుముందు వేరే కంపెనీతో కాంట్రాక్ట్ ఉంది. దాంతో లీగల్ గొడవ వచ్చి, అతను పాడిన కొన్ని పాటల్లో గొంతు తీసేసి మళ్ళీ పాడారు. ఎక్కువగా మెగ్విన్ పాడాడు. గొడవే కారణమా, బ్యాండ్‌లో ఎవరు ముందుండాలన్న లెక్క కూడా ఉందా అనేదాని మీద, అందులో ఉన్నవాళ్ళే తలో మాట చెప్పారు. చివరికి పార్సన్స్ లీడ్ వోకల్‌తో మూడు పాటలు మిగిలాయి. పక్కనపెట్టిన ట్రాకులు తర్వాత 1990లో, 2003లో వచ్చిన ఎడిషన్లలో బయటికొచ్చాయి. ఇప్పుడు రెండూ విని పోల్చుకోవచ్చు. ఆ భక్తి పాటలో మెగ్విన్ యాస కావాలని పెట్టినట్టు ఉంటుంది. వెక్కిరిస్తున్నాడా, నిజంగానే పాడుతున్నాడా అని ఒక అనుమానం. పార్సన్స్ వెర్షన్‌లో ఆ అనుమానం రాదు. నా ఓటు పార్సన్స్‌కే. కానీ మెగ్విన్ వెర్షన్‌తో పెరిగినవాళ్ళు దాన్ని వదులుకోరు, వాళ్ళ ప్రేమ వాళ్ళది.

ఇంకో సరదా సంగతి. మొదటి పాటలో డిలన్ రాసిన ఒక లైన్‌లో రెండు మాటల్ని మెగ్విన్ అటూఇటూ మార్చి పాడేశాడు. డిలన్ 1971లో ఆ పాటని మళ్ళీ రికార్డ్ చేసినప్పుడు, ఆ లైన్‌లో మెగ్విన్ పేరు పెట్టి ఆటపట్టించాడు. ఫ్యాన్స్‌కి ఇలాంటివంటే ప్రాణం.

ఆల్బమ్ అమెరికా చార్టులో 77వ స్థానం దాటలేదు. రిలీజ్ అయ్యేటప్పటికే పార్సన్స్ బ్యాండ్‌లో లేడు. జాతివివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికాకి టూర్ వెళ్ళనని చెప్పి జులైలోనే బయటికొచ్చేశాడు. 1973 సెప్టెంబర్‌లో చనిపోయాడు. అప్పటికి 26 ఏళ్ళు. ఈ ఆల్బమ్‌కి దక్కిన ప్రేమలో చాలా భాగం అతను చూడలేదు.

మరి ఆ ప్రేమ ఎలా వచ్చింది? నాకు అర్థమైంది ఇది. కొన్ని పాటలు మన గుంపుని చూసి, మన టేస్ట్‌ని ముందే లెక్కేసి తయారవుతాయి. అవి వెంటనే ఎక్కుతాయి. ఈ ఆల్బమ్ ఏ గుంపు కోసమూ లెక్కేసి చేసింది కాదు. అందుకే రెండు గుంపులూ దూరం పెట్టాయి. కానీ ఆ గుంపుల గొడవ కాలంతో పాటు పాతబడింది, పాటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక అన్న రికార్డు తమ్ముడికి, ఒక గాయని పాడిన పాట ఇంకొకరికి, అలా చేతులు మారుతూ వచ్చింది. ఎమిలూ హ్యారిస్ 1979లో 'హికరీ విండ్' మళ్ళీ పాడటం కూడా అందులో భాగమే.

ఇప్పుడు మన ఫోన్లో పదిహేను సెకన్లకి స్కిప్ కొడతాం. మనం గతంలో ఏం విన్నామో చూసి, అలాంటివే యాప్ మళ్ళీ మన ముందు పెడుతుంది. తప్పేం లేదు. కానీ మన గుంపుకి సంబంధం లేని సంగీతం, మెల్లగా నచ్చే సంగీతం ఆ లెక్కలో జారిపోయే ప్రమాదం ఉంది. వారానికి ఒక్క ఆల్బమ్, ఆర్డర్ మార్చకుండా, మొదటి నుంచి చివరిదాకా వినండి. దీంతో మొదలుపెడితే అరగంట పనే.

2018లో, ఆల్బమ్‌కి 50 ఏళ్ళు నిండినప్పుడు, మెగ్విన్, హిల్‌మన్ కలిసి మార్టీ స్టువర్ట్ బ్యాండ్‌తో ఈ పాటలన్నీ టూర్‌లో పాడారు. నాష్‌విల్‌లో ఆ రైమన్ స్టేజీ మీద కూడా పాడారు. ఈసారి జనం వాళ్ళకోసమే టికెట్లు కొనుక్కుని వచ్చారు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. విన్నాక మీకు మెగ్విన్ గొంతు నచ్చిందో, పార్సన్స్ గొంతు నచ్చిందో నాకు చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.