దేవుడు లేకున్నా పరలోకముంటుందా?

కఠోపనిషత్తులో నచికేతుడు యమధర్మరాజును కోరిన మూడవ వరం మీకు తెలిసినదే. మరణించిన పిదప మనిషి ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటారు, నిజమేదో తెలుపుమన్నాడు. ఇందులో ఒక విశేషం గమనించండి. దేవత ఎదుటనే ఉన్నాడు. అయినా ఆత్మను గురించిన సందేహం మిగిలే ఉంది! పైగా పూర్వం దేవతలకు సైతం ఈ సంశయం కలిగిందని చెప్పి, యముడు మరొక వరం కోరుకొమ్మన్నాడు. దైవమున్నంత మాత్రాన ఆత్మ, పరలోకం వాటంతట అవే సిద్ధించవన్నమాట.

దేవుణ్ణి కాదంటే మిగిలిన రెండూ పోతాయని నేడు చాలామంది తలపోస్తున్నారు. మన దర్శనాలు అలా తలచలేదు. సాంఖ్యకారిక పురుషుణ్ణి, జన్మాంతరాలలో సంచరించే సూక్ష్మశరీరాన్ని అంగీకరించింది. సృష్టికర్త ప్రసక్తి లేకుండానే నడిచింది. జైనులకు జీవుడున్నాడు, కర్మ ఉంది, జగత్కర్త లేడు. బౌద్ధులైతే నిత్యమైన ఆత్మనే కాదన్నారు, పునర్జన్మను మాత్రం విడువలేదు. ఒక దీపంతో మరొక దీపాన్ని వెలిగించినట్లని మిలిందపన్హలో నాగసేనుని సమాధానం. మూడింటినీ ఒక్కసారే తోసిపుచ్చినవారు చార్వాకులు.

అన్నింటికన్నా ఆశ్చర్యం గొలిపేది మీమాంస. వేదాన్ని శిరసావహించిన కుమారిలభట్టే శ్లోకవార్తికంలో జగత్కర్తను సాధించే వాదాలను ఖండించాడు. యాగం నేడు ముగుస్తుంది, స్వర్గం ఎన్నడో లభిస్తుంది. రెంటినీ కలిపేదేది? ‘అపూర్వం’ అనే శక్తి అని మీమాంసకుల ఉత్తరం. దానికి దేవుడు అక్కరలేదు, ఫలమనుభవించే ఆత్మ లేకుంటే మాత్రం సాగదు.

ఇదంతా పండితగోష్ఠికే పరిమితమనుకోకండి. ‘నాకు దేవునిపై నమ్మకం లేదు, నాన్నగారి తద్దినం పెట్టవచ్చునా?’ అని అడిగేవారు నాకు తరచు తారసపడుతుంటారు. పెట్టవచ్చు, పెట్టాలి అనే చెబుతాను. శ్రాద్ధానికి కావలసినది శ్రద్ధ. పితరులే లేరనేవారితో సంభాషణ వేరు. పిండమెవరికని వారడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే.

మరి ఈశ్వరుడెందుకు? బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయం రెండవ పాదంలో బాదరాయణుడు జైమినిని పేరు పెట్టి మరీ ప్రస్తావించాడు. ధర్మమే ఫలమిస్తుందని జైమిని మతం, ఈశ్వరుడే ఇస్తాడని బాదరాయణ మతం. నేను రెండవ పక్షం వాడను. కర్మ జడం, క్షణికం. చేసినదెవరో, ఎప్పుడెంత ఫలమీయాలో దానికెలా తెలుస్తుంది? తెలిసినవాడొకడు కావాలి. అయితే ఆయన కూడా జీవుని కర్మను కాదని ఫలమీయడు. అలా ఇస్తే పక్షపాతం, నిర్దయ అనే దోషాలు అంటుతాయని, కర్మాపేక్ష ఉన్నందువల్లనే అవి అంటవని రెండవ అధ్యాయంలో సూత్రకారుడే నిర్ణయించాడు.