ఊరి జమాఖర్చు చదవడం ఎట్లా?

ఇంటి జమాఖర్చు చూచుకొనని ఇల్లాలుండదు. ఊరి జమాఖర్చు చూచేవారు మాత్రం అరుదు. మన సుగటూరు పంచాయతి ఆదాయం పెరిగిందా, తరిగిందా? పొరుగు పంచాయతి కంటె మెరుగా? పాత పద్దు పక్కన కొత్త పద్దు పెట్టి, ఏ అంకె పెద్దదని చూచినంత మాత్రాన తేలే సంగతి కాదిది.

మొదటి చిక్కు ఎల్లలది. ఒకప్పటి కోలారు జిల్లాకు 11 తాలూకాలు. 2007లో చిక్కబళ్లాపురం, చింతామణి, శిడ్లఘట్ట, గౌరిబిదనూరు, బాగేపల్లి, గుడిబండ వేరుపడి చిక్కబళ్లాపురం జిల్లా అయినవి. కోలారు, మాలూరు, బంగారపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం మనకు మిగిలినవి. తరువాత కె.జి.ఎఫ్. కూడ తాలూకా అయినది. 2006 నాటి జిల్లా లెక్కను 2008 నాటి లెక్కతో పోల్చితే జిల్లా దివాలా తీసినట్లే కనబడుతుంది. నిజానికి జరిగింది అన్నదమ్ముల భాగపంపకం. కనుక తాలూకా వారీగా, తలసరిగా పోల్చడమే న్యాయం.

రెండవది నాణెం. 1957 ఏప్రిల్ 1కి ముందు పద్దులన్నీ రూపాయలు, అణాలు, పైలలో ఉంటవి. రూపాయకు 16 అణాలు, అణాకు 12 పైలు. ఆనాటి రూపాయకు వచ్చే బియ్యమెంత, ఈనాటి రూపాయకు వచ్చేదెంత? ధరలు చూడకుండా ఆదాయం నూరు రెట్లయిందని మురియరాదు.

మూడవది అసలైనది: ఆ డబ్బు ఎవరిది? ఇంటి కందాయం, నీటి పన్ను, సంత వేలం, అంగళ్ల బాడుగ — ఇవి ఊరి స్వార్జితం. తక్కినది పైనుండి వచ్చే గ్రాంటు. 14వ కేంద్ర ఆర్థిక సంఘం (2015–20) పంచాయతుల గ్రాంటును గ్రామ పంచాయతులకే ఇచ్చింది. 15వ సంఘం తాలూకా, జిల్లా పంచాయతులకు కూడ పంచింది. ఆ మార్పువలన అంకె మారితే అది అధ్యక్షుల ఘనతా కాదు, లోపమూ కాదు. నూటికి ఎన్ని రూపాయలు స్వార్జితమో చూస్తే ఊరి బలం తెలుస్తుంది.

పద్దుకెక్కని ఖర్చు నాలుగవది. దీనికి కె.జి.ఎఫ్. కంటె పెద్ద పాఠం లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన నాటినుండి ఆ ఊరి బ్రతుకంతా గనులమీదనే. 1902లో శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది గనులకోసమే. కూలీల ఇండ్లు, ఆసుపత్రి గనుల ఖర్చులోనివే. బేతమంగళం నీళ్ళూ గనుల ధర్మమా అని వచ్చినవే. గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి పోయినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఇండ్లు, వీధులు, కొళాయిలు అట్లే ఉన్నవి. ఖర్చు పెట్టే చేయి పోయింది. కందాయం కట్టవలసిన సంసారాలకు జీతమూ పోయింది. ఒక్క ఆవు పాలమీద నడిచే ఇల్లు, ఆవు బాగున్నంత కాలం బీదదిగా కనబడదు.

కర్ణాటకలో ఏటేటా గ్రామ పంచాయతి జమాబందీ జరుగుతుంది; ఊరివారెవరైనా పోయి లెక్కలు చూడవచ్చును. ఈసారి పోయినప్పుడు డిమాండు, వసూలు, బాకీ పట్టిక అడగండి. మూడేండ్ల అంకెలు ఒక నోటు పుస్తకంలో వరుసగా వ్రాసికొనండి. గ్రాంటు ఒక గీతకు ఇవతల, స్వార్జితం అవతల. బాకీ ఏటేటా పెరుగుతూంటే, దానికి కారణం ఆ సభలోనే అడగండి. మన ఇంటి కందాయం కూడ ఆ బాకీలో ఉన్నదేమో ముందుగా చూచుకొని పోవడం మంచిది.