మూట కట్టిన తల్లి

బొమ్మల సినిమాల ఆడపిల్లలు మన పిల్లలకు ఏం నేర్పుతున్నారో ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. శ్రీకాకుళం తీరం గురించి రాసేదాన్ని కనుక మూలాన్ కన్నా, ఎల్సా కన్నా ముందు నాకు మోవానాయే గుర్తొచ్చింది. 2016లో డిస్నీ తీసిన ఆ సినిమా నిండా సముద్రం, వల, కొబ్బరికాయ. మా తీరంలోని ఉద్దానం పిల్లకి విడమరచి చెప్పక్కర్లేదు.

మోటునుయి దీవిలో ఒకనాడు కొబ్బరికాయ కొడితే లోపల నల్లగా కుళ్లిపోయి ఉంటుంది. వలలు ఖాళీగా పైకొస్తాయి. పగడపు దిబ్బ దాటి లోపలికి వేటకెళ్దామంటుంది దీవి నాయకుడి కూతురు మోవానా. తండ్రి టుయి ససేమిరా అంటాడు. కుర్రతనంలో ఆయనా దాటినవాడే. వెంట వచ్చిన నేస్తం మునిగిపోయాడు. సినిమా ఆ భయాన్ని వెక్కిరించదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకి కొబ్బరి తోటలు నేలకొరగడం చూసినవాళ్లు టుయిని తప్పుపట్టలేరు.

నన్ను పట్టేసిన ఘట్టం ఆ తర్వాతది. నానమ్మ టాలా మంచం పట్టి, వెళ్లమని మనవరాలికి చెబుతుంది. మోవానా పరుగున వచ్చి చేతికందినవి పోగేసుకుంటుంది. తలెత్తితే ఎదురుగా అమ్మ సీనా. ఇక అయిపోయింది, ఆపేస్తుందనుకుంటాం. సీనా ఒక్క మాట మాట్లాడదు. సామాను సర్ది మూట కట్టడానికి తనూ చెయ్యి వేస్తుంది. కూతుర్ని గట్టిగా హత్తుకుని వదిలేస్తుంది. అంతే, కొన్ని క్షణాలు. పాట హోరులో చాలామంది గమనించను కూడా గమనించరు.

మా తీరంలోని ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, కె.మత్స్యలేశం, బడివానిపేటల్లో ఆడవాళ్లు ఏటా ఇలాగే మూటలు కడతారు. పెద్ద బోట్లు ఆగే హార్బరు అందుబాటులో లేక మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి వలసపోతారు. తిత్లీ వచ్చిన నెలన్నరకే, 2018 నవంబరులో, అలా వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర అప్పగించేదాకా అర్జీలు పట్టుకుని తిరిగిందీ, ఇల్లు ఈడ్చిందీ ఆ మూటలు కట్టిన ఆడవాళ్లే. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకి ఆధారం ఈ కథే.

సముద్రాన్ని గంగమ్మ తల్లి అని మొక్కుతాం. ఆ తల్లి మీదికి వేటకెళ్లేది మాత్రం మగవాళ్లే. ఒడ్డుకొచ్చిన చేపని గంపకెత్తుకుని ఊరూరా అమ్మేది ఆడవాళ్లు. మూట కట్టడం వచ్చినన్ని తరాలుగా వాళ్లకి మూట అందుకోవడం రాలేదు. మోవానాకి అందింది. అందుకే నాకా పిల్లంటే ఇంత ఇష్టం. ఆమె ఇల్లు కాదని పారిపోయిన పిల్ల కాదు. దాచిపెట్టిన తాతల పడవల్ని నానమ్మ గుహలో చూపించింది, మూటకి అమ్మ చెయ్యి వేసింది. చివర్లో నిప్పుల రాక్షసి మీదపడుతున్నా ఆమె ఆయుధం ఎత్తదు, నువ్వెవరో నాకు తెలుసంటూ ఎదురు నడుస్తుంది. అప్పటికి తనెవరో తనకి తెలిసింది కాబట్టే ఆ నడక సాధ్యమైంది.

మోవానా చూసిన తాతల పడవల వెనక నిజమైన చరిత్ర ఉంది. పసిఫిక్ దీవుల జనం చుక్కల్నీ అలల్నీ చూసుకుంటూ వేల మైళ్లు పడవలు నడిపారు. 1976లో హోకులేఆ అనే జంట పడవ దిక్సూచి లేకుండా హవాయి నుంచి తహితికి చేరి, ఆ విద్య కట్టుకథ కాదని నిరూపించింది. మనకీ పాతకాలపు కళింగపట్నం రేవుంది. వంశధార ఒడ్డున, 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం శాలిహుండం ఉంది. బడి పిల్లల్ని అక్కడికి విహారానికి కాదు, పాఠానికి తీసుకెళ్లాలి.

తెలుగు గొంతులు
2019 నవంబరులో వచ్చిన ‘ఫ్రోజెన్ 2’ తెలుగులో ఎల్సాకి నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకి మహేశ్‌బాబు కూతురు సితార గొంతులిచ్చారు. ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే బొమ్మల నాయిక కూడా రావాలి.

ఊసవానిపేట పిల్ల
2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది కరణం మల్లీశ్వరి. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. సొంతూరు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. బక్కపలచగా ఉన్నావు, బరువులు నీకెందుకన్న రోజుల్లో నువ్వు చేయగలవని వెన్నుతట్టింది వాళ్లమ్మ. ఈ కథని బొమ్మల సినిమాగా ఎవరు తీసినా మొదటి ఆటకే వెళ్తాను.