అడవిని నదిలోకి దించిన పహాడీ విల్సన్

ఇప్పుడు రైలు పట్టాల కింద కనిపించే స్లీపర్లు ఎక్కువగా కాంక్రీటువి. మన దేశంలో రైళ్లు మొదలైన కొత్తలో చాలాచోట్ల అవి చెక్కవే. అంత చెక్క ఎక్కడిదా అని వెతుకుతుంటే నాకు తగిలిన మనిషి ఫ్రెడరిక్ విల్సన్.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌ నుంచి వచ్చాడు. పటాలం వదిలి పారిపోయాడని చెప్పుకుంటారు. గంగోత్రి దారిలో ఉన్న హర్సిల్‌లో స్థిరపడి, మొదట వేటాడి కస్తూరి, తోళ్లు అమ్ముకునేవాడు. అందుకే 'పహాడీ విల్సన్' అన్నారు.

1850లో టెహ్రీ రాజు నుంచి అడవులు కౌలుకు తీసుకున్నాడు. కౌలు ఎంతో తెలుసా? ఏడాదికి 400 రూపాయలు! అంత చవగ్గా ఎందుకంటే, ఆ కొండల్లో చెట్టు కొట్టినా కిందికి తేవడానికి దారి లేదు. మోసుకురాలేని చెక్కకి ధర ఏముంటుంది?

విల్సన్ తెలివంతా ఇక్కడే ఉంది. దేవదారు దుంగ నీళ్లలో తేలుతుంది. పక్కనే భాగీరథి. నదిలోకి దొర్లిస్తే దేవప్రయాగ దాటి, గంగలో హరిద్వార్ వైపు కొట్టుకొస్తుంది. కింద పట్టుకుని ఒడ్డుకి లాగితే చాలు. పైగా దేవదారులో నూనె ఉంటుంది కాబట్టి చెద, కుళ్లు తొందరగా పట్టవు. స్లీపర్‌కి కావలసింది అదే.

రైల్వే గిరాకీతో పాటే విల్సనూ పెరిగాడు. జాడ్‌గంగ మీద వేలాడే వంతెన కట్టించాడు. హర్సిల్‌లో ఆపిల్ తోటలు వేశాడు. తన పేరుతో రూపాయి బిళ్లలు కూడా కొట్టించాడు! జనం 'హర్సిల్ రాజా' అనేశారు.

మరి ఎక్కడ దెబ్బతిన్నాడు? ఆ చెక్క విలువ సర్కారుకీ తెలిసిపోయింది. 1864లో వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం, అటవీ శాఖ తొలి అధిపతి బ్రాండిస్ ప్రోద్బలంతో, ఆ అడవుల్ని 20 ఏళ్లకి కౌలుకు తీసుకుంది. ఏడాదికి 10,000 రూపాయలు, అంటే పాతిక రెట్లు. విల్సన్ 1883లో మస్సూరీలో చనిపోయాడు. కొడుకుల తరంలో ఆస్తి కరిగిపోయింది. హర్సిల్‌లోని బంగళా 1997లో కాలిపోయింది.

నాకు అర్థమైంది ఇది: ఆ వ్యాపారం నిలబడింది నది మీద, రాజు సంతకం మీద. రెండూ విల్సన్‌వి కావు. లాభం బయటపడగానే ఇంకా పెద్ద చెయ్యి వచ్చి ఆ సంతకం తీసుకుపోయింది.

ఇంకో మాట. 400 అయినా, 10,000 అయినా డబ్బు వెళ్లింది దర్బారుకే. ఆ అడవిలో పశువులు మేపుకుని, కట్టెలు ఏరుకుని బతికే ఊళ్లకి మాత్రం క్రమంగా ఆంక్షలు మిగిలాయి. స్టార్టప్ కథలు వినేటప్పుడు మనం ఐడియా ఎవరిదని అడుగుతాం. సరుకు ఎవరిదని కూడా అడగాలి కదా!