చెప్పుకోలేని జబ్బు

మా పిన్నికి తెల్లబట్ట అవుతుందన్న సంగతి ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. వేడి చేసిందనేవారు. మెంతులు నానబెట్టి తాగమనేవారు. పసుపుపచ్చగా, నురుగుతో, దుర్వాసనతో అవుతుందనీ, దురద భరించలేకపోతున్నదనీ ఆమె ఎవరికీ చెప్పలేదు. పేరంటాలకు పోవడం మానేసింది పాపం. నాలుగేళ్లు గడిచాక నేనే బలవంతాన ఒక లేడీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను.

అంతకుముందు ఎవరో వైద్యుడు రెండుసార్లు బిళ్లలిచ్చాడట. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చిందట.

"మీ వారికీ ఇచ్చారా?" అన్నారు డాక్టరమ్మగారు. పిన్ని తల దించుకున్నది.

ఒక చుక్క గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో నన్నూ చూడమన్నారు. బేరిపండు ఆకారంలో ఏకకణజీవులు కుదుపు కుదుపుగా కదులుతున్నవి. ముందువైపు నాలుగు కొరడాల వంటి పోగులు, వెనక్కి వాలిన అయిదవది ఒకటి. పేరు ట్రైకోమోనాస్. 1836లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు మొదట దీన్ని గుర్తించాడు. ఇది సంపర్కం వల్ల ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. మగవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే మందంటే ఒప్పుకోరు. ఒకరికే మందిస్తే రెండవవారి నుంచి తిరిగి వస్తుంది. చడీచప్పుడు లేకుండా చాలాకాలం ఉండగలదు కనుక, ఎప్పుడు వచ్చిందని తగవు పెట్టుకున్నా తేలదు. ఈ మాట డాక్టరమ్మగారు పిన్నితో రెండుసార్లు చెప్పారు. 2020లో లోకంలో 15 కోట్ల 60 లక్షల మందికి ఇది కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమంది ఉండగా మా పిన్ని తనొక్కతేననుకున్నది!

తర్వాత గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి పాప్ పరీక్షకు పంపారు. ఆ చోటును వైద్యులు సర్విక్స్ అంటారు. లాటిన్‌లో మెడ అని అర్థం. మన పుస్తకాల్లో గర్భాశయ గ్రీవం. వంటింట్లో ఆడవాళ్లు వాడే మాట ఏదైనా ఉందా అని వెదికాను, తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కదా; నాకు దొరకలేదు. (ఈ పరీక్ష కనిపెట్టే రోజుల్లో పాపనికొలావు భార్య ఏళ్లతరబడి తన కణాలనే ఇచ్చింది. పేరు మాత్రం ఆయనదే నిలిచింది.)

కణాలు అనుమానంగా ఉన్నాయని జవాబు వచ్చింది.

"ఆ పురుగే కాన్సరు తెచ్చిందా?" అన్నాను గాభరాగా.

కాదన్నారు. అసలు కారకుడు హ్యూమన్ పాపిలోమా వైరస్. 1983లో హరాల్డ్ జుర్ హాసెన్ బృందం ఆ కాన్సరులో దాని 16వ రకాన్ని కనిపెట్టింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ట్రైకోమోనాస్ చేసేది వేరు. పైపొరను గాయపరచి, వాపు పుట్టించి, అక్కడ కాపలా ఉండే మంచి సూక్ష్మజీవులను తరిమేస్తుంది. అప్పుడు వైరస్సు చొరబడడం, తిష్ఠ వేయడం సులువవుతుందని శాస్త్రజ్ఞుల ఆలోచన. 1994లో 24 పరిశోధనలను కలిపి చూస్తే, ఈ పురుగు సోకినవారిలో ముఖద్వారపు కణాల చెడుగు ఇంచుమించు రెట్టింపు కనిపించింది. అయితే రెండూ ఒకే దారిన వచ్చేవే కనుక ఎవరి పాపం ఎంతో విడదీయడం కష్టం. పైగా పురుగు తెచ్చిన వాపే ఒక్కొక్కప్పుడు కణాలను వికారంగా చూపిస్తుంది. ముందు దాన్ని వదిలించి, మళ్లీ పరీక్షిద్దామన్నారు.

బాబాయి మొదట కస్సుమన్నాడు. "నాకేం జబ్బని?" అన్నాడు. రెండు రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. మూడోనాడు మెట్రోనిడజోల్ బిళ్లలు మంచినీళ్లతో మింగి, చేదని మొహం చిట్లించాడు. "ముప్ఫై ఏళ్లలో ఆయన నాకోసం మింగిన చేదు ఇదే" అన్నది పిన్ని నాతో.

పురుగు పోయింది, అనుమానం పోలేదు. రెండవసారి వైరస్సు కూడా బయటపడింది. కాన్సరు కాదు, దాని ముందుమెట్టు. ఆ కాస్త భాగాన్నీ తీసివేశారు. సాయంత్రానికి ఇల్లు చేరింది. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ కాన్సరు వచ్చిందనీ, 80,000 మంది దాకా పోయారనీ అంచనా. ఆ లెక్క చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మొన్నటి పరీక్షకు బాబాయే తోడు వెళ్లాడు. లోపలికి మాత్రం రాలేదట. బయట బల్లమీద, ఆడవాళ్ల మధ్య, పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాడట.