మెట్ట ఊళ్ళలో టీ నీళ్ళు

పండితులు దీనికి తేనీరు అని ముచ్చటైన పేరు పెట్టారు. మా మర్రిపాడు వైపు ఆ పేరుతో అడిగితే బంకు ఆయన తేనెసీసా కోసం వెతుకుతాడేమో! మాకది టీ నీళ్ళు. ఎదురుపడిన మనిషిని "అన్నం తిన్నావా" అని అడగడం పాత మర్యాద. "ఏందన్నా, టీ తాగినావా" అనేది ఇప్పటి మర్యాద. ఈ రెండు పలకరింపుల నడుమ మా మెట్ట ఊళ్ళలో జరిగిన మార్పు చిన్నదేమీ కాదు. అన్నం ఉండాల్సిన చోట, నిద్ర ఉండాల్సిన చోట టీ గ్లాసు వచ్చి కూర్చుంది. ఆ సంగతులే నాలుగు ముక్కలు చెప్పదలిచాను. నేను చదివేది రసాయనశాస్త్రం, పుట్టి పెరిగింది మర్రిపాడు మండలంలో. కనుక ఈ విషయం మాట్లాడటానికి నాకు రెండు వైపులా కొంత హక్కు ఉందనే అనుకుంటాను.

మా హాస్టలు మెస్సులో ఏటా ఒక వాదం తప్పదు. నెల్లూరు టౌను, కోవూరు డెల్టా మిత్రులది కాఫీ పక్షం. ఆత్మకూరు, ఉదయగిరి వాళ్ళం టీ పక్షం. కాఫీ తాగేవాడు నాగరికుడనీ, టీ తాగేవాడు లారీ క్లీనరనీ వాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి వెనుక కొంత చరిత్ర ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసు ఏలుబడిలోనిదే. మద్రాసు వైపు ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో కాఫీ పై కులాల, ఉద్యోగస్థుల ఇళ్ళ మర్యాదగా స్థిరపడితే, టీ కాయకష్టం చేసేవాళ్ళ పానీయంగా మిగిలిందని తమిళ చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి రాశారు. ఇక టీ మాట. అది మన తాతలనాటి అలవాటేమీ కాదు. టీ వ్యాపారం మీద 1903లోనే దొరలు సెస్సు విధించి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1930ల మాంద్యంలో విదేశాల్లో ధర పడిపోయాక ఆ ప్రచారం మన సంతలమీదకు, రైల్వే స్టేషన్లమీదకు మళ్ళింది. ఊరికే కాచి పోసి అలవాటు చేశారు. ఆ రోజుల్లోనే అస్సాంలో సిటిసి యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చించి, చుట్టి గుళికలుగా చేసే ఈ పద్ధతి వల్ల చిటికెడు పొడికి చిక్కటి రంగు దిగుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ గ్లాసులు! బీదవాడి ఇంట్లోకి టీ వచ్చింది ఈ గుళికల దారినే.

ఇంతకీ ఏది గట్టిది? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రం చెప్పే జవాబు రెండు పక్షాలనూ కాస్త ఇబ్బంది పెడుతుంది. రెండింటిలోనూ పనిచేసే సరుకు ఒకటే, కెఫీన్. 1819లో రుంగే అనే జర్మన్ రసాయనవేత్త దానిని కాఫీగింజ నుంచి వేరు చేశాడు. ఎండు టీ ఆకు బరువులో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు కెఫీన్ ఉంటుంది. అరబికా కాఫీగింజలో ఒకటి పైచిలుకు, రొబస్టాలో రెండు పైచిలుకు. అంటే తూకానికి తూకం వేస్తే టీదే పైచేయి. కానీ కాఫీకి పొడి ఎక్కువ వేస్తాం, గనుక కప్పులోకి వచ్చేసరికి కాఫీ గెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టెంట్ కాఫీలో 50 నుంచి 65, ఒక వాయి టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 దాటవద్దని ఆ సంస్థ సలహా. ఇక్కడ మా డెల్టా మిత్రులకు ఒక చిన్న మనవి. చికోరీ కలిపిన కాఫీపొడిలో కాఫీ 51 పాళ్ళు ఉంటే చట్టానికి సరిపోతుంది. చికోరీ అనేది వేరు పొడి, అందులో కెఫీన్ బొత్తిగా లేదు. వారు గర్వంగా తాగేదానిలో సగం వేరుకషాయమే కావచ్చు.

సరే, ఎగతాళి చాలించి బ్యారన్ దగ్గరికి పోదాం. మా మండలంలోని డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. అక్కడికి బేళ్ళు చేరడానికి ముందు ఆకు బ్యారన్‌లో కాలాలి, అంటే గొట్టాల వేడికి పండి ఆరాలి. ఒక్కసారి ఆకు ఎక్కిస్తే అయిదారు రోజులు పొయ్యి ఆరగూడదు. మొదట ఆకు పసుపు పట్టాలి, తర్వాత ఆకు ఆరాలి, చివరికి ఈనె ఆరాలి. ఒక్కో దశకు ఒక్కో వేడి. కాపలా మనిషి నిద్రపోయి వేడి పడిపోయినా, కట్టెలు ఎక్కువ తోసి వేడి ఒక్కసారిగా ఎగిరినా ఆకు రంగు చెడుతుంది. రంగు చెడితే వేలంలో ధర పోతుంది. అందుచేత ఏడాది కష్టమంతా ఆ రాత్రుళ్ళలో ఒక మనిషి కనురెప్పల మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెప్పలను నిలబెట్టేది టీ ఫ్లాస్కు. చిన్నప్పుడు మా పెదనాన్నకు తోడు పడుకోవడానికి పోతే, రాత్రి పదిగంటలకు నింపిన ఫ్లాస్కు తెల్లవారుజామున నాలుగుకు ఖాళీ అయ్యేది. థర్మామీటరు చూసి రావడం, రెండు కట్టెలు తోయడం, ఒక గ్లాసు వంచుకోవడం, ఇదే వరస.

ఆ టీ ఏం చేస్తుంది? శక్తి ఇస్తుందని మా ఊళ్ళో అందరి నమ్మకం. ఇవ్వదు. చక్కెర, పాలు ఇచ్చేది ఏదో కొద్దిగా ఉంటుంది గానీ కెఫీన్‌లో తిండి లేదు. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగవుతుంది. అది కూర్చోవడానికి మెదడుకణాల మీద కొన్ని సీట్లు ఉన్నాయనుకోండి. ఆ సీట్లు నిండేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారం ఎడినోసిన్‌కు దగ్గరగా ఉంటుంది. అందుకని, ఆత్మకూరు బస్టాండులో జనం కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, అది ముందే వెళ్ళి ఆ సీట్లు పట్టేస్తుంది. ఎడినోసిన్ వచ్చి నిలబడుతుంది, కూర్చోలేదు. మనకు నిద్ర రాదు. కానీ ప్రయాణికులు పోలేదు, గుమ్మం దగ్గర తోసుకుంటూనే ఉన్నారు. కెఫీన్ లేచిన మరుక్షణం అందరూ ఒక్కసారి కూలబడతారు. పగలు పదిగంటలకు బ్యారన్ మనిషి గట్టుమీదే ఒరిగిపోయేది ఇందుకే.

తాగిన అరగంట నుంచి గంటలోపు కెఫీన్ రక్తంలో పూర్తిగా ఎక్కుతుంది. అందులో సగం పోవడానికి మాత్రం సుమారు అయిదు గంటలు పడుతుంది. మనిషి మనిషికీ తేడా ఉంటుంది, గర్భిణులకైతే ఇంకా చాలాసేపు. లెక్క వేసి చూడండి. తెల్లవారుజామున నాలుగుకు తాగిన ఆఖరి గ్లాసులో సగం తొమ్మిదింటికి కూడా ఒంట్లోనే ఉంది. అలసటకు కన్ను మూతపడుతుంది, కానీ గాఢనిద్ర పట్టదు. రెండు గంటలకే లేచి కూర్చుని "నిద్ర చాల్లేదురా, ఒక టీ పెట్టించు" అంటాడు. అర్థరాత్రి దాకా గ్లాసు మీద గ్లాసు లాగించి, నాలుగింటికి మానేస్తే పగటినిద్ర కొంత దక్కుతుంది. బ్యారన్ పనిలో అది అందరికీ కుదిరే మాట కాదని నాకూ తెలుసు.

ఇంకో చిత్రం ఉంది. గ్లాసు చేతిలో ఉంటే వేళ్ళమధ్య బీడీ కూడా ఉండాలి, అదొక జంట. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయాన్ని ఉసికొల్పి కెఫీన్‌ను త్వరగా విరిచిపారేసేలా చేస్తాయి. పొగతాగేవాడి ఒంట్లో కెఫీన్ దాదాపు సగం సమయమే నిలుస్తుంది. అందువల్ల బీడీ మనిషికి ఇంకో టీ కావాలి, ఆ టీకి ఇంకో బీడీ తోడు కావాలి! బంకు ఆయనకు మాత్రం ఈ రసాయనశాస్త్రం పుస్తకం చదవకుండానే తెలుసు, రెండూ ఒకే బల్లమీద అమ్ముతాడు.

తలనొప్పి సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. రోజూ తాగేవాడు మానేస్తే పన్నెండు గంటల తర్వాత, ఒకరోజు లోపల తలనొప్పి మొదలవుతుంది. ఏకాదశి ఉపవాసమప్పుడు మా అమ్మమ్మకు వచ్చేదీ, రంజాన్ మొదటి రోజుల్లో ఉదయగిరి మిత్రుడు ఫిర్యాదు చేసేదీ ఇదే తలనొప్పి అని నా అనుమానం. ఆకలి మీదికి నింద పోతోంది గానీ దోషి వేరు. నాలుగు రోజులముందు నుంచీ గ్లాసులు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వస్తే అంత బాధ ఉండదు.

ఇక ఆడవాళ్ళ మాట. దీన్ని గురించి ఎవరూ వ్యాసం రాయరు. మా వైపు చాలా ఇళ్ళలో పొద్దున పితికిన పాలన్నీ డెయిరీకి పోతాయి. అడుగున మిగిలిన గిద్దెడు పాలతో ఇంటిల్లిపాదికీ టీ. పూర్వం కూలికి పోయే ఆడమనిషి సద్దన్నమో, సంగటిముద్దో తిని పోయేది. ఇప్పుడు ఒక గ్లాసు టీ, రెండు బిస్కెట్లతో పోతోంది. కెఫీన్, తీపి కలిసి ఆకలిని కాసేపు మాటల్లో పెడతాయి. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే చేనుగట్టు మీద ఇంకో టీ. నాకు అన్నింటికన్నా బెంగ కలిగించేది ఈ రెండో టీ. టీలోని వగరు పదార్థాలు ఆకుకూర, పప్పు, చిరుధాన్యాల్లోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వవు. 1983లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, భోజనంతోపాటు టీ తాగితే ఇనుము గ్రహణం 64 శాతం, కాఫీ తాగితే 39 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వల్ల ఏ నష్టమూ లేదు, గంట తర్వాత తాగినదాని వల్ల మాత్రం భోజనంతో తాగినంత నష్టమూ ఉంది. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనులని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రను టీతో మింగే మా మేనత్తను నేను కళ్ళారా చూశాను. మాత్ర వేడిగా దిగితే మంచిదని ఆమె వాదన! మంచినీళ్ళతో వేసుకో అత్తా, టీ రెండుగంటలు ఆగి తాగు అని బతిమాలితే, "చదువుకున్నోడివి, నీ మాట ఎందుకు తీసెయ్యాల" అని ఒప్పుకుంది.

చివరికి నీళ్ళు. టీ నీళ్ళలో మనం మరిచిపోయే మాట నీళ్ళే. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ జబ్బు మనదేశంలో ఉందని తొలిసారి వైద్యలోకానికి తెలిసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి విడిపోకముందు మన జిల్లా చాలా పెద్దది. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోర్లలో ఫ్లోరైడ్ బాధ ఇప్పటికీ ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదనీ, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా సహించవచ్చనీ మనదేశపు ప్రమాణం. ఇప్పుడు రెండు సంగతులు కలిపి చూడండి. ఒకటి, నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినది ఇంకా చిక్కబడుతుంది. పొద్దుటినుంచీ పొయ్యిమీద మరుగుతూనే ఉండే బంకు గిన్నె సంగతి చెప్పనక్కర్లేదు. రెండు, టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాచుకునే మొక్క. లేతచిగురులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. మంచి నీళ్ళతో కాచిన టీలో కూడా లీటరుకు ఒకటి నుంచి కొన్ని మిల్లీగ్రాములు దిగుతుంది. కాఫీకి ఈ గుణం పెద్దగా లేదు. ఈ ఒక్క విషయంలో డెల్టా మిత్రులకు నేను చేతులెత్తేస్తున్నాను.

మా ఊళ్ళలో ఫిల్టరు నీళ్ళ ప్లాంట్లు వచ్చాయి. ఇరవై లీటర్ల క్యాను ఇంటింటా ఉంది. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. కానీ నేను గమనించింది ఏమంటే, తాగడానికి క్యాను నీళ్ళు, టీకి బోరు నీళ్ళు. "ఎట్లాగూ కాస్తాం గదా" అంటారు. బంకుల్లోనూ ఇదే తంతు. పాలు తాగాల్సిన పిల్లలకు కూడా ఇదే టీలో బన్ను ముంచి పెడతారు. ఎనిమిదేళ్ళలోపు, పక్కాపళ్ళు లోలోపల తయారయ్యే వయసులో, ఒంట్లోకి పోయిన ఫ్లోరైడే తర్వాత గారపళ్ళుగా బయటపడుతుంది.

ఖర్చు లెక్క నేనే వేసి బంకు ఆయనకు చూపించాను. క్యాను పదిరూపాయలనుకుందాం. పాలు పోను గ్లాసుకు యాభై మిల్లీలీటర్ల నీళ్ళు, మరిగి పోయేదాంతో కలిపి వంద అనుకున్నా, ఒక క్యానుకు రెండువందల గ్లాసులు. గ్లాసుకు అయిదు పైసలు. ఆయన లెక్క ఒప్పుకున్నాడు గానీ, "ఆ నీళ్ళతో టీకి గట్టిదనం రాదబ్బయ్యా" అన్నాడు. రెండు గిన్నెల్లో రెండు నీళ్ళతో ఒకే కొలత పొడి వేసి కాయించాం. బోరు నీళ్ళ టీ మీద తెట్టు కట్టింది, రంగు మసకబారింది. క్యాను నీళ్ళది ఎర్రగా తేటగా దిగింది. బెంచీమీద కూర్చున్న లారీ డ్రైవరు ఒకాయన, వెలిగొండ ఘాటు ఎక్కి బద్వేలు పోవాల్సినవాడు, రెండూ తాగి రెండోదే బాగుందన్నాడు. ఆ రోజునుంచీ బంకులో క్యాను నీళ్ళే. బ్యారన్ మాత్రం ఊరికి దూరం, పక్కనే బోరు, మోటారు ఆన్ చేస్తే నీళ్ళు. అర్థరాత్రి ఫ్లాస్కు కోసం అక్కడిదాకా క్యాను మోసుకుపోవడం ఎవరి వల్ల అవుతుందో, అది ఈ సీజన్‌లో మా పెదనాన్నతో మాట్లాడి తేల్చుకోవాలి.